సేవాక్లబ్బులు – సంక్షేమ వసతిగృహాలు

సేవాక్లబ్బు అనగానే హాస్టల్ విద్యార్థులకు గుర్తొచ్చేవి నోటుపుస్తకాలు, దుప్పట్లు, అరటిపండ్లు, వాటి వెనుక కట్టిన బ్యానరు. ఆగస్టు 15కో, చలికాలం మొదట్లోనో ఊళ్లోని పెద్దమనుషులు నలుగురు వస్తారు. మనం వరుసలో నిలబడతాం. వస్తువు చేతికందుతుంది, ఫోటో తీస్తారు, చప్పట్లు కొడతాం. వారెవరు? ఆ డబ్బు ఎక్కడిది? వారు చేయవలసినదేమిటి, మనం అడగవలసినదేమిటి? ఈ వార్షికోత్సవ సంచికలో ఈ విషయాన్ని ఒక పాఠంలా చదువుకుందాం.

పుట్టుక

మన పట్టణాలలో ఎక్కువగా కనిపించేవి రోటరీ, లయన్స్ క్లబ్బులు. రెండూ అమెరికాలోని చికాగో నగరంలోనే పుట్టాయి. 1905 ఫిబ్రవరి 23న పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి రోటరీని ప్రారంభించాడు. ఆ ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ. ఒక్కో వారం ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా కలుసుకునేవారు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. లయన్స్ సంస్థ 1917లో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో ఏర్పడింది. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి, అంధుల కోసం పనిచేయమని కోరింది. చూపు, వినికిడి రెండూ లేని ఆమె మాట ఆ సంస్థ దారిని నిర్ణయించింది. ఈనాడు మన ఊళ్లలో లయన్స్ పేరుతో కంటి శిబిరాలు, కంటి ఆసుపత్రులు ఎక్కువగా ఉండడానికి కారణం అదే.

మనం గమనించవలసిన అంశం ఒకటుంది. సహాయం అవసరమైన మనిషి స్వయంగా వెళ్లి, మాకు కావలసినది ఇది అని చెప్పినప్పుడు సేవకు ఒక గురి ఏర్పడింది.

పనిచేసే తీరు

క్లబ్బులో డాక్టర్లు, వ్యాపారులు, లాయర్లు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు సభ్యులుగా ఉంటారు. సభ్యత్వ రుసుము కడతారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. ఈ రెండు సంస్థలకూ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. అప్పుడే కొత్త అధ్యక్షుడు బాధ్యత తీసుకుంటాడు, ఆ సంవత్సరం చేయబోయే పనుల పట్టిక తయారవుతుంది. మన హాస్టళ్లు తెరిచేది జూన్‌లో. కాబట్టి మన అవసరాన్ని జూన్, జూలై నెలల్లోనే తెలియజేస్తే ఆ పట్టికలో చోటు దొరుకుతుంది. ఫిబ్రవరిలో అడిగితే, మిగిలినదేదో ఇస్తారు.

డబ్బు విషయంలోనూ ఒక నియమం ఉంది. లయన్స్ పద్ధతి ప్రకారం ప్రజల దగ్గర వసూలు చేసిన సొమ్ము ప్రజల కోసమే ఖర్చు కావాలి. క్లబ్బు సొంత ఖర్చులు సభ్యుల రుసుము నుంచి రావాలి. రెండు లెక్కలూ వేరువేరు. మన హాస్టల్‌లో పండుగకో, ఆటల పోటీలకో చందా పోగుచేసేవారు కూడా ఈ నియమాన్ని నేర్చుకుంటే మంచిది.

పోలియో చెప్పిన పాఠం

సేవాక్లబ్బు ఎంత పెద్ద పని చేయగలదో తెలియాలంటే పోలియో కథ చదవాలి. 1985లో రోటరీ పోలియో నిర్మూలనను తన లక్ష్యంగా పెట్టుకుంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వంటి సంస్థలతో చేతులు కలిపింది. అప్పట్లో ప్రపంచంలో ఏటా సుమారు 3,50,000 మంది పోలియో బారిన పడేవారు. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు.

ఇందులో ఎవరి పాత్ర ఏమిటి? టీకాను ఊరూరికీ చేర్చినది ప్రభుత్వం. ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసినవారు ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ అక్కలు. క్లబ్బు నిధులు పోగుచేసింది, ప్రచారం చేసింది, బూతుల దగ్గర మనుషులను నిలబెట్టింది. ప్రభుత్వం చేయవలసిన పనిని తన నెత్తిన వేసుకోలేదు, ప్రభుత్వాన్ని తప్పుకోనివ్వలేదు. సేవకు సరైన చోటు అదే.

దానం వేరు, బాధ్యత వేరు

ఇప్పుడు మన హాస్టల్ సంగతికి వద్దాం. షెడ్యూల్డ్ కులాల, తెగల, ఇతర బలహీనవర్గాల విద్యాభివృద్ధిని ప్రత్యేక శ్రద్ధతో చూడాలని రాజ్యాంగంలోని 46వ అధికరణం ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. మన భోజనం, పరుపు, దుప్పటి, నోటుపుస్తకాలు, కాస్మెటిక్ ఛార్జీలు ఆ బాధ్యత కిందకే వస్తాయి. అవి ఎవరి దయా కాదు. క్లబ్బువారు దుప్పట్లు ఇచ్చారు కదా అని ప్రభుత్వం ఇవ్వవలసిన దుప్పట్ల గురించి అడగడం మానేస్తే, లాభపడింది మనం కాదు. ఒక చేత్తో వచ్చింది, మరో చేత్తో పోయింది.

మరి క్లబ్బును ఏమి అడగాలి? ప్రభుత్వ జాబితాలో లేనివి అడగాలి. బోర్డు మీద అక్షరాలు కనబడక చదువులో వెనుకబడిన పిల్లలు ప్రతి హాస్టల్‌లోనూ ఉంటారు. వారిని మొద్దులంటారు గాని, కావలసింది కళ్లజోడు. ఏడాదికొకసారి కంటి పరీక్ష, దంత పరీక్ష అడుగుదాం. మంచి నిఘంటువులు అడుగుదాం. అన్నిటికన్నా విలువైనది సభ్యుల సమయం. ఒక డాక్టరు, ఒక లాయరు, ఒక బ్యాంకు మేనేజరు నెలకొక ఆదివారం వచ్చి మన మధ్య కూర్చుని, తమ ఉద్యోగానికి ఏ చదువు కావాలో, ఏ పరీక్ష రాయాలో చెబితే, అది వంద దుప్పట్ల పెట్టు. చుట్టాల్లో ఒక్క ఉద్యోగస్థుడైనా లేని మన పిల్లలకు అలాంటి మాట మరెక్కడా దొరకదు.

ఇంకొక మాట. ఒక్క దుప్పటిని ఆరు చేతులు పట్టుకుని, వెనక చిన్నపిల్లవాడిని నిలబెట్టి తీసిన ఫోటోలో అందరూ కనిపిస్తారు, పిల్లవాడు తప్ప. ఇచ్చేవారికి పేరు రావడం తప్పు కాదు. పుచ్చుకునేవారు తలదించుకోవలసి రావడం తప్పు. వస్తువులను కట్టగా హాస్టల్‌కు అప్పగించి, కావాలంటే అందరితో కలిసి కూర్చుని ఒక ఫోటో తీసుకోమని మర్యాదగా కోరవచ్చు. ఇది కృతజ్ఞత లేకపోవడం కాదు, ఆత్మగౌరవం ఉండడం.

మన పెద్దలు చేసిన సేవ

సేవ అంటే ఉన్నవాళ్లు లేనివాళ్లకు చేసేది అనుకుంటే పొరపాటు. సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవచేస్తూ, అదే వ్యాధి సోకి 1897 మార్చి 10న కన్నుమూసింది. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించాడు, దళిత పిల్లలకు బడులు పెట్టాడు, జోగిని దురాచారంపై పోరాడాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణీ సభను స్థాపించాడు. ఆ సభ 1925లో షోలాపూర్‌లో విద్యార్థుల కోసం ఒక హాస్టల్ తెరిచింది. మనం ఉంటున్న ఈ గదులకు అది అన్నవంటిది. వీరెవరూ మిగిలింది పంచిపెట్టలేదు. తమవారి అవసరం తమకు తెలుసు కాబట్టి పనిచేశారు.

మనం చేయగలిగినవి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పై తరగతివారు కింది తరగతివారికి రోజుకొక గంట లెక్కలు చెప్పడం సేవే. బడి మానేసిన పిల్లవాడి ఇంటికి వెళ్లి మళ్లీ పిలుచుకురావడం సేవే. 12 ఏళ్లు నిండినవారి కోసం రోటరీకి ఇంటరాక్ట్, లయన్స్‌కు లియో అనే విద్యార్థి క్లబ్బులున్నాయి. మన ఊరి క్లబ్బును అడిగితే, పుచ్చుకునే వరుసలో కాక, పనిచేసే వరుసలో నిలబడవచ్చు.

పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ! 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తదానం చేయవచ్చు. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. నేత్రదానానికి వయసు అడ్డు కాదు. కళ్లజోడు పెట్టుకునేవారు, మధుమేహం ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. మరణించిన ఆరు గంటలలోపు కళ్లను సేకరించాలి. డాక్టర్లు వచ్చేదాకా కళ్లు మూసి, తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టాలి. డబ్బుతో పనిలేని దానాలివి.

కులం పేరుతో మనవాళ్లను ఊరి బావి దగ్గరకు రానివ్వని రోజులున్నాయి. ఆపరేషను బల్ల మీద ఉన్న మనిషికి మన రక్తం ఎక్కుతున్నప్పుడు సీసా మీద కులం రాసి ఉండదు, గ్రూపు మాత్రమే రాసి ఉంటుంది. మన హాస్టల్ నుంచి వెళ్లిన ప్రతి ఒక్కరూ పుట్టినరోజునాడు ఒకసారి రక్తం ఇచ్చి, ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్లతో కూర్చోవాలని మేము కోరుతున్నాము. అప్పుడు మన వార్షికోత్సవానికి వచ్చే అతిథులలో మనవాళ్లూ ఉంటారు.