ఇంటి కంప్యూటరుతో బిట్‌కాయిన్ గని

కుప్పానికి చేరువలో కోలారు బంగారు గనులుండేవి. మూడు కిలోమీటర్లకు మించిన లోతు వరకు తవ్విన ఆ గనులను 2001లో మూసివేశారు. ఈనాడు కొందరు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని "గని తవ్వుతున్నాం" అంటున్నారు. ఏమిటీ గని?

బిట్‌కాయిన్ అనే నాణెం 2009 జనవరిలో మొదలయింది. అది చేతికి తగిలే నాణెం కాదు. చిట్టాలో పద్దు మాత్రమే. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో రాసే ఆ చిట్టా నకళ్లు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంటాయి. సుమారు 10 నిమిషాలకొకసారి దానిలో కొత్త పుట చేరుతుంది. పుటను చేర్చినవారికి కొత్త నాణేలు బహుమతి. ఆ పోటీనే 'మైనింగు' అంటారు.

పుటలోని వివరాలకు ఏదో ఒక సంఖ్య జతచేసి 'షా-256' అనే పద్ధతిలో లెక్కిస్తే మరొక పెద్ద సంఖ్య వస్తుంది. అది నిర్ణీత హద్దుకంటే చిన్నదిగా ఉండాలి. ఏది జతచేస్తే అలా వస్తుందో ముందుగా చెప్పే సూత్రం లేదు. ఒకదాని తరువాత ఒకటి వేసి చూడవలసిందే.

ఇది పాచికలాట వంటిది. మూడు పాచికలు వేస్తే మూడింటా ఒకటే పడాలనుకోండి. 216 సార్లకు సగటున ఒకసారి పడుతుంది. మదనపల్లెలో ఒక్క విద్యార్థే ఆడుతుంటే బహుమతులన్నీ అతనివే. పుంగనూరు, కుప్పం పిల్లలు కూడా చేరితే బహుమతులు త్వరత్వరగా అయిపోతాయి. అప్పుడు నాలుగో పాచిక చేర్చి ఆటను కష్టతరం చేయాలి. బిట్‌కాయిన్ హద్దు కూడా 2016 పుటలకొకసారి ఇలాగే మారుతుంది.

2009లో మామూలు కంప్యూటరు సరిపోయింది. పుటకు 50 నాణేలు వచ్చేవి. 2013 నుండి ఈ ఒక్క లెక్క కోసమే తయారైన యంత్రాలు రంగంలోకి దిగాయి. బహుమతి సుమారు నాలుగేళ్లకొకసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125 నాణేలకు దిగింది.

ఇప్పుడు మన లెక్క. మంచి గ్రాఫిక్స్ కార్డున్న ఇంటి కంప్యూటరు సెకనుకు సుమారు 100 కోట్ల ప్రయత్నాలు చేస్తుంది. 2025లో ప్రపంచ యంత్రాలన్నిటి వేగం దాదాపు 1 పక్కన 21 సున్నాలకు చేరింది. అనగా మన వంతు లక్ష కోట్లలో ఒకటి. లక్ష కోట్లను 10 నిమిషాలతో గుణిస్తే సుమారు 1 కోటి 90 లక్షల సంవత్సరాలు!

రేపే తగలవచ్చు గదా అంటారు. తగలవచ్చు, చిన్న యంత్రాలకు తగిలిన సందర్భాలూ ఉన్నాయి. కాని బంగారు గనిలో పదడుగులు తవ్వితే ఆ పదడుగులూ మిగులుతాయి. ఇక్కడ పదేళ్లు ఆడినా మర్నాడు అవకాశం అంతే. పాచికకు జ్ఞాపకం లేదు.

కరెంటు మీటరు మాత్రం మరువదు. 300 వాట్ల కంప్యూటరు రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 7.2 యూనిట్లు, నెలకు 216 యూనిట్లు. అదంతా చివరకు గదిలో వేడిగా మారుతుంది. మీ ఇంటి బిల్లులోని రేటుతో గుణించి చూడండి.