పెయ్య వేరు, పడ్డ వేరు

ఏమే చెల్లీ, మీ అమ్మాయి బీఏ సైకాలజీ అవగొట్టి న్యూరోసైకాలజీ చదువుతానంటోందట కదా! మీ అత్తగారేమో "పిచ్చాసుపత్రి ఉద్యోగమా, రేపు సంబంధాలెలా వస్తాయి?" అన్నారట. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ చిక్కుళ్ళు ఇటివ్వు, ఈనెలు తీస్తూ చెప్తా.

మన గన్నవరం మీదుగా పదహారో నంబరు హైవే పోతుందా, బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలిన కుర్రాడు ఒక్కోసారి శుభ్రంగా లేచి తిరుగుతాడు. స్కానింగూ బాగానే ఉంటుంది. కానీ కొట్లో చిల్లర లెక్క కుదరదు, చెప్పేమాట మధ్యలో మర్చిపోతాడు, ఊరికే విసుక్కుంటాడు. ఇంట్లోవాళ్ళు బద్ధకమంటారు. తేడా వచ్చింది జ్ఞాపకంలోనా, ధ్యాసలోనా, పనిని ఒక వరసలో చేసుకోవడంలోనా అని ప్రశ్నలతో, బొమ్మలతో, చెక్కముక్కలతో గంటలతరబడి కూర్చుని పట్టుకోవడం నేర్పేదే ఈ న్యూరోసైకాలజీ చదువు. ఇది చదివినవాళ్ళు మందులు రాయరు.

మా పెద్దమ్మకి మతిమరుపొస్తోందని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ పరీక్ష చేసే పిల్ల "నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరమ్మా?" అంది. పెద్దమ్మ అందుకుంది: ఆవు, గేదె, ఎద్దు, దున్న, పెయ్య, పడ్డ, మేక... "రెండూ దూడలేగా" అని ఆ పిల్ల పడ్డని కొట్టేసింది. "ఆవుకి పుట్టింది పెయ్య, గేదెకి పుట్టింది పడ్డ. పాలు తాగడం వచ్చుగానీ ఇది రాదా?" అంది పెద్దమ్మ. పరీక్ష తప్పిందెవరో నాకక్కడే తెలిసిపోయింది. ఆ తర్వాత గడియారం బొమ్మ వెయ్యమన్నారు. ఇరవైఒక్క చుక్కల ముగ్గు మాటలాడుతూనే వేసే చెయ్యి, జన్మలో పట్టని పెన్సిల్ పట్టుకుని వణికింది.

మన మాట తెలిసిన పిల్లలు ఈ దారిన వెళ్ళాలని నేననేది అందుకే. మన దగ్గరే తేలే సంగతులూ ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్న 648 మంది వివరాలు చూసి 2013లో ఓ సంగతి బయటపెట్టింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. అక్షరం ముక్క రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది! పడమటి దేశాల్లో రెండు భాషలవాళ్ళంటే చాలావరకు వలసొచ్చినవాళ్ళే, తేడా భాషవల్లో వలసవల్లో చెప్పడం కష్టం. మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళే తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేస్తారు, ఆ చిక్కు లేదు.

ఇక ఎక్కడ చదవాలంటావా? పరిశోధన మీద మనసుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ఎంబీబీఎస్ అక్కర్లేదు. రోగుల్ని చూడాలంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు చేసి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. బెంగళూరు నిమ్హాన్స్‌కి ఇందులో ఏళ్ళనాటి పేరు. ఇన్నాళ్ళూ ఆ కోర్సుని రెండేళ్ళ ఎంఫిల్ అనేవారు. కొత్త విద్యావిధానం ఎంఫిల్‌ని ఎత్తేసింది, యూజీసీ దీనికి మటుకు 2025-26 దాకా గడువిచ్చింది. అంచేత ఏ కాలేజీవాళ్ళు రంగుల కాగితం చూపించినా, ముందు కౌన్సిల్ జాబితాలో ఆ కోర్సు ఉందేమో చూసుకోమను. ఫీజు కట్టాక చూసి లాభంలేదు.

మీ అత్తగారి సంగతి నాకొదిలెయ్. ఆదివారం తీసుకురా, మా పెద్దమ్మ పక్కన కూర్చోబెడదాం. నిమిషంలో ఎవరు ఎక్కువ జంతువులు చెప్తారో లెక్క మీ అమ్మాయే రాస్తుంది.