మెమరీ కార్డు మాట కంప్యూటర్‌కు ఎవరు చెబుతారు?



బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో సామాను సర్దడం మొదలవుతుంది. మంచాలు, బీరువాలు లారీలోకి వెళ్తాయి. మార్కుల జాబితాలు, టీసీలు, బ్యాంకు పుస్తకాలు మాత్రం చేతిసంచిలో ఉంటాయి. చాలా ఇళ్ళలో ఆ సంచిలోనే ఒక చిన్న డబ్బాలో పాత కెమెరా మెమరీ కార్డులు కూడా ఉంటాయి. మనం వదిలి వచ్చిన క్వార్టర్లు, బడి, స్నేహితులు ఆ ఫోటోల్లోనే మిగిలారు. పదిహేనేళ్ళ కిందటి ఆ కార్డును ఇక్కడ మాంగోలో కొత్త లాప్‌టాప్‌లో పెడితే ఫోటోలు కనబడతాయి. కార్డు పాతది, కంప్యూటర్ కొత్తది. మరి ఒకదాని మాట ఒకదానికి ఎలా అర్థమవుతోంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

దుబాసీ పని

మాంగోకు కొత్తగా వచ్చిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. అమ్మకు హిందీ రాదు, కూరగాయలు అమ్మే ఆయనకు తెలుగు రాదు. పక్కింటి అక్క మధ్యలో నిలబడి ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెబుతుంది. అలా చెప్పేవారిని దుబాసీ అంటాం. కంప్యూటర్‌లో ఆ పని చేసే ప్రోగ్రామ్ పేరే డ్రైవర్.

కార్డు పెట్టే గాడి వెనుక కంట్రోలర్ అనే చిప్ ఉంటుంది. కార్డుకు కరెంటు ఇవ్వడం, ఆదేశాలు పంపడం, వచ్చిన సమాచారాన్ని అందుకోవడం దాని పని. ఏది ఎప్పుడు చేయాలో ఆ చిప్‌కు చెప్పేది డ్రైవర్. కార్డు పెట్టగానే డ్రైవర్ మొదట నెమ్మదిగా, సెకనుకు 4 లక్షల స్పందనలు మించకుండా పలకరిస్తుంది. "నీవు ఏ రకం కార్డువి? ఎంత వేగం తట్టుకోగలవు?" అని అడుగుతుంది. కార్డు ఇచ్చిన జవాబును బట్టి వేగం పెంచుతుంది. కొన్ని కార్డులకు 3.3 వోల్టుల సంకేతాలను 1.8 వోల్టులకు తగ్గించి, సెకనుకు 20.8 కోట్ల స్పందనల దాకా తీసుకువెళ్తుంది.

లెక్క మారితే

ఎస్‌డీ కార్డును 1999లో పానాసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా సంస్థలు ప్రకటించాయి. మొదటి కార్డుల్లో సమాచారం ఎక్కడ ఉందో చెప్పడానికి బైట్ల లెక్క వాడేవారు. "ఇన్నో బైటు దగ్గర నుంచి ఇవ్వు" అని అడగాలి. ఆ చిరునామా రాయడానికి ఉన్న చోటు 32 బిట్లు. 2³² అంటే సుమారు 429 కోట్లు. అంటే ఆ పద్ధతిలో 4 గిగాబైట్లు దాటలేం.

2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ కార్డుల్లో లెక్క మార్చారు. ఇప్పుడు చిరునామా బైటుకు కాదు, 512 బైట్ల గడికి. అవే 32 బిట్లతో 2 టెరాబైట్ల దాకా చేరవచ్చు. కానీ ఈ మార్పు తెలియని పాత డ్రైవర్ ఏం చేస్తుంది? ఇంటి నంబరు చెప్పవలసిన చోట గజాల లెక్క చెప్పినట్టు, తప్పు చోటు అడుగుతుంది. కార్డు బాగానే ఉన్నా పని జరగదు. అందుకే కొత్త రకం కార్డు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు డ్రైవర్‌కు కొత్త మాటలు నేర్పాలి, పాత మాటలు మరిచిపోకుండా చూడాలి.

చిప్‌ల వింతలు

కంట్రోలర్లు చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకే ప్రమాణ గ్రంథం చూసి చేసినా, ఒక్కోదానికి ఒక్కో వింత అలవాటు ఉంటుంది. కార్డు లేనప్పుడు రీసెట్ చేస్తే ఒకటి ఇబ్బంది పడుతుంది. కార్డు పెట్టారో తీశారో ఇంకొకటి సరిగా చెప్పలేదు. ఎంతసేపు ఎదురుచూడాలో మరొకటి తప్పు అంకె ఇస్తుంది. లినక్స్‌లోని ఎస్‌డీ కంట్రోలర్ డ్రైవర్‌లో ఇలాంటి వింతలకు ఒక పట్టికే ఉంది. చిప్‌ను తిప్పి పంపి బాగుచేయించలేం కదా! అందుకే దాని గుణం తెలుసుకుని డ్రైవర్ సర్దుకుపోతుంది.

ఛార్జి ఎవరిది?

లినక్స్‌ను 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్లు, మన దేశపు సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ కూడా లినక్స్ కెర్నెల్ మీదే నడుస్తాయి. ఆ కెర్నెల్‌తో పాటు ఒక జాబితా ఉంటుంది. ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటున్నారో అందులో రాస్తారు. చూసేవారు లేకపోతే ఆ భాగం పక్కన "అనాథ" అనే అర్థం వచ్చే మాట రాస్తారు.

మెమరీ కార్డుల విభాగానికి ఒకసారి ఆ స్థితి వచ్చింది. ఎస్‌డీ కంట్రోలర్ డ్రైవర్ రాసి, ఆ విభాగాన్ని కొన్నేళ్ళు చూసుకున్న పియెర్ ఓస్మాన్ 2009లో తప్పుకున్నారు. జాబితాలో దాని పక్కన "అనాథ" అని పడింది. 2010లో క్రిస్ బాల్ ఛార్జి తీసుకున్నారు. పిల్లలకు చవక లాప్‌టాప్‌లు అందించిన "వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్" సంస్థలో ఆయన పనిచేసేవారు. ఆ లాప్‌టాప్‌లో ఎస్‌డీ కార్డు గాడి ఉండేది. ఆ తరువాత ఉల్ఫ్ హాన్సన్ బాధ్యత అందుకున్నారు.

మన అమ్మానాన్నలు బదిలీ మీద వెళ్ళేటప్పుడు ఫైళ్ళు, తాళాలు, పెండింగు పనుల వివరం తరువాత వచ్చేవారికి అప్పగిస్తారు. ఇక్కడా అంతే. ఏ మార్పు ఎందుకు చేశారో ప్రతిదానికీ రాసి పెడతారు కనుకనే కొత్తవారు పని అందుకోగలుగుతారు.

ఏ మార్పు వల్ల చెడింది?

సంరక్షకుడి దగ్గర లోకంలోని చిప్‌లన్నీ ఉండవు. ఎక్కడో ఒకరి కంప్యూటర్‌లో "నిన్నటిదాకా కార్డు చదివింది, కొత్త వెర్షన్ వేశాక చదవడం లేదు" అని తేలుతుంది. రెండు వెర్షన్ల మధ్య 1024 మార్పులు జరిగాయనుకోండి. అన్నిటినీ పరీక్షించనక్కరలేదు. సరిగ్గా మధ్యలో ఆగి చూస్తారు. అక్కడ పనిచేస్తే తప్పు రెండో సగంలో ఉంది, లేకపోతే మొదటి సగంలో ఉంది. ఇలా సగం చేసుకుంటూ పోతే 10 పరీక్షల్లో తప్పు దొరుకుతుంది. అప్పటిదాకా పనిచేసినదాన్ని చెడగొట్టిన మార్పును వెనక్కి తీసుకోవాలన్నది లినక్స్‌లో గట్టి నియమం. మన పాత కార్డు నేటికీ పలుకుతోందంటే ఈ నియమమూ ఒక కారణం.

మనం చేయవలసింది

కార్డు పెట్టగానే "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటర్ అడిగితే వెంటనే "సరే" అనకండి. కార్డు చెడిపోయి ఉండకపోవచ్చు, ఆ కంప్యూటర్‌కు దాని భాష తెలియకపోవచ్చు. ముందు మరో రీడర్‌లో, మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. సోనీ 1998లో తెచ్చిన మెమరీ స్టిక్, 2002లో ఒలింపస్, ఫుజిఫిల్మ్ తెచ్చిన ఎక్స్‌డీ కార్డు మీ ఇంట్లో ఉంటే, వాటిని చదివే రీడర్ దొరికినప్పుడే ఫోటోలు దింపుకోండి. కొత్త లాప్‌టాప్‌లలో వాటికి గాడే ఉండదు. దింపుకున్న ఫోటోలను రెండు చోట్ల దాచండి. తరువాతి బదిలీలోపు ఈ పని పూర్తిచేస్తే మంచిది.

కొత్త మాటలు

డ్రైవర్: ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పరికరానికీ మధ్య దుబాసీ వంటి ప్రోగ్రామ్.
కంట్రోలర్: కార్డుతో నేరుగా వ్యవహరించే చిప్.
కెర్నెల్: ఆపరేటింగ్ సిస్టమ్‌లో పరికరాలన్నిటినీ నడిపే ముఖ్య భాగం.

ఆలోచించండి – చేయండి

1. 2018లో ప్రకటించిన ఎస్‌డీయూసీ కార్డులు 128 టెరాబైట్ల దాకా ఉండవచ్చు. 512 బైట్ల గడుల లెక్కలో వాటి చిరునామాకు 38 బిట్లు కావాలి. ఎందుకో లెక్క కట్టి చూపండి.
2. 4096 మార్పుల్లో ఒక తప్పు ఉంటే సగం చేసే పద్ధతిలో ఎన్ని పరీక్షలు కావాలి?
3. మీ ఇంట్లోని పాత కార్డులో ఉన్న ఒక ఫోటో ఎంచుకోండి. అది ఏ ఊరిదో, అందులో ఎవరున్నారో ఇంట్లో అడిగి తెలుసుకుని, తెలుగులో పది వాక్యాలు రాయండి.