గడప తట్టుకుని పడ్డ మనిషి

వడ్డేపల్లి, హనుమకొండ

బిడ్డా,

ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్‌సర్జన్‌గా చేరిన నెలకే మంచి ప్రశ్న అడిగావు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న పెద్దాయనకు హార్మోన్ వైద్యం మొదలైంది, రక్తంలో పీఎస్ఏ దిగింది, ఇక చూడాల్సింది ఏముంది అని. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

చాలా ఏళ్ల కింద పరకాల వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. జబ్బు అప్పటికే వెన్నులోకి పాకింది. హార్మోన్‌ను ఆపే సూదులు నెలనెలా కొనే స్తోమత లేదు, అందుకే వృషణాలు తీసేశాను. కొద్ది రోజుల్లోనే నడుము నొప్పి తగ్గి, దండం పెట్టి వెళ్లిపోయాడు. మూడేళ్లకు ఇంటి గడప తట్టుకుని పడి, తుంటి విరిగి మళ్లీ వచ్చాడు. క్యాన్సర్ తుంటికి పాకిందనుకున్నాను. అక్కడ దాని జాడే లేదు, ఎముక గుల్లబారింది. ఆయన ఆ మంచం దిగలేదు. ఆపరేషన్ తప్పు కాదు బిడ్డా. ఆ మూడేళ్లలో ఒక్కసారైనా పిలిపించి చూడకపోవడం నా తప్పు.

టెస్టోస్టెరాన్ ఆపితే ఈ క్యాన్సర్ ముడుచుకుంటుందని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. 1966లో నోబెల్ అందుకున్నాడు. కానీ ఆ హార్మోన్ మీద బతికేది గడ్డ ఒక్కటే కాదు. కండ, నెత్తురు, ఎముక అన్నీ దాని మీదే నిలబడతాయి. మగవాడి ఎముకను కాచే ఈస్ట్రోజెన్ కూడా టెస్టోస్టెరాన్ నుంచే తయారవుతుంది. ఆడవాళ్లకు ముట్లు ఆగే వయసులో ఏళ్ల మీద జరిగే మార్పు ఈయనకు కొన్ని వారాల్లో జరిగిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు అందుకే. 2005లో అచ్చయిన ఒక పెద్ద అమెరికా పరిశీలనలో, జబ్బు తేలాక అయిదేళ్లు దాటి బతికిన వాళ్లలో ఈ వైద్యం తీసుకున్నవారికి నూటికి 19 మందికి పైగా ఎముక విరిగింది. తీసుకోనివారిలో నూటికి సుమారు 13 మందికే.

పొట్ట పెరుగుతుంది, కండ కరుగుతుంది, షుగరు ఎక్కుతుంది. సూదుల వల్ల షుగరు, గుండెపోటు ముప్పు పెరగవచ్చని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మన పెద్దవాళ్లలో ఎంతమందికి ముందే బీపీ, షుగరు ఉంటాయో నీకు చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. ల్యూప్రోలైడ్ లాంటి సూది మొదటి వారాల్లో టెస్టోస్టెరాన్‌ను తగ్గించదు, ఎగదోస్తుంది. వెన్నులో జబ్బు ఉన్నవాడికి కాళ్లు పడిపోవచ్చు. అందుకే ముందుగా బైకాలుటమైడ్ బిళ్లలు ఇస్తారు. ఇచ్చారో లేదో కేసు షీటులో చూడు.

సూది వేయించుకునేవాడు మూడు నెలలకోసారి కనిపిస్తాడు. ఆపరేషన్ అయినవాడు కనిపించడు, తన పని అయిపోయిందనుకుంటాడు. ఎముక కరగడం ఇద్దరికీ ఒకటే. మొదట్లోనే ఎముక సాంద్రత పరీక్ష, షుగరు, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ చూడాలి. మళ్లీ ఎప్పుడు రావాలో కొడుకు చేతికి రాసివ్వాలి. ఎముక కోసం జొలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించాల్సి వస్తే, ముందు పళ్లు, కిడ్నీలు చూడాలి. తిండితో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. రాగిజావ, పెరుగు, నువ్వులు మనింట్లో ఉన్నవే. భద్రకాళి చెరువు గట్టు మీద నడక మంచిదే, కానీ కండ నిలవాలంటే బరువులెత్తే కసరత్తు కూడా కావాలి.

ఇదంతా చెప్పి భయపెట్టకు. జబ్బు పాకినవాడికి, ముప్పు ఎక్కువున్న గడ్డకు రేడియేషన్‌తో కలిపి ఇచ్చేటప్పుడు, ఇది ప్రాణం నిలబెట్టే మందు. గ్రంథి దాటని, నింపాదిగా పెరిగే జబ్బుకు ఎనభై ఏళ్ల మనిషికి మొదలుపెడుతుంటే మాత్రం, అవసరమా అని మీ పెద్ద డాక్టరును అడుగు.

ఆయన నోరు తెరిచి చెప్పని సంగతులూ ఉంటాయి. భార్యతో దూరం, నిద్ర లేకపోవడం, ఊరికే కళ్లలో నీళ్లు తిరగడం. వార్డులో అందరి ముందూ అడగకు, పక్కకు తీసుకుపోయి అడుగు.

ఆదివారం వచ్చినప్పుడు నాకు ఒక్కటి చెప్పు. మీ పెద్దాయన చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నాడా?

మీ తాత