మోషే చదివిన చదువు, ఆ లిపికి పట్టిన గతి

చదువవలసిన లేఖన భాగములు: నిర్గమ 1:8-14, 2:1-10, అపొ. కార్య. 7:17-22



స్తెఫను తన ప్రసంగము మధ్యలో ఒక మాట చెప్పి ముందుకు సాగిపోతాడు. మోషే ఐగుప్తీయుల దగ్గర వారి చదువంతా చదివినవాడని ఆ మాట. మనము కూడా దానిని దాటి, మండుచున్న పొద దగ్గరకు వెళ్లిపోతాము. ఈ పాఠములో అక్కడే కొంచెము ఆగుదాము. ఆ చదువు ఎటువంటిది? మూడు వేల సంవత్సరములకు పైగా నిలిచిన ఆ వ్రాత, చదువగలవాడు ఒక్కడైనను లేకుండ ఎట్లు పోయినది? సొంత రాష్ట్రము విడిచి తరములుగా వేరే భాషల నడుమ కాపురమున్న మనము ఈ రెండవ ప్రశ్నను ప్రత్యేకముగా ఆలోచించాలి.

ఐగుప్తు అనునది గ్రీకువారి నోట వచ్చిన పేరు. హెబ్రీయులు మిస్రాయీము అన్నారు. ఆ దేశస్థులు మాత్రము తమ దేశమును కెమెత్ అనుకొన్నారు, అనగా నల్లనేల. ఏటేటా నైలు నది పొంగి పొలములమీద నల్లని ఒండ్రు పరచి తీసిపోయేది. దానికి ఇరుప్రక్కల ఎర్రని ఎడారి. (1970లో ఆస్వాను పెద్ద ఆనకట్ట పూర్తియైన తరువాత ఆ వరద పొలములమీదికి రావడము లేదు.) గోదావరి, కృష్ణా లంకలనుండి వలస వచ్చిన కుటుంబములకు ఒండ్రు విలువ మేము చెప్పనక్కరలేదు. నీరు తీసిన తరువాత గట్లు మళ్లీ కొలవాలి, పండిన ధాన్యము లెక్కకట్టాలి, రాజుగారి పన్ను కొలిచి కొట్లలో వేయాలి. నిర్గమకాండములో ఇశ్రాయేలీయులు కట్టిన పీతోము, రామెసేసు కూడా ధాన్యాదులను నిలువచేయు పట్టణములే. కొలతయు లెక్కయు వ్రాతయు లేకపోతే ఆ రాజ్యము ఒక్క సంవత్సరమైనను నడిచేది కాదు.

వారి వ్రాత క్రీ.పూ. 3200 ప్రాంతమున మొదలైనది. గుళ్ల గోడలమీద కనబడు పక్షులు, పాములు, కండ్లు, చేతుల బొమ్మలు అందరు చూచినవే. అవి ఉత్త బొమ్మలు కావు. వాటిలో కొన్ని శబ్దమును తెలుపును, కొన్ని అర్థమును తెలుపును. రాతిమీద చెక్కుటకు ఈ చిత్రలిపి. రెల్లు కలముతో పపైరసు మీద త్వరగా వ్రాయుటకు దానినుండి పుట్టిన గొలుసుకట్టు వ్రాత వేరొకటి. క్రీ.పూ. ఏడవ శతాబ్దము నుండి లావాదేవీలకు ఇంకను సులువైన మూడవ వ్రాత వచ్చినది. పపైరసు అనునది నైలు చిత్తడిలో పెరుగు జమ్మువంటి మొక్క. దాని కాడలోని బెండును సన్నని పేళ్లుగా కోసి, నిలువుగా ఒక వరుస, అడ్డముగా ఒక వరుస పేర్చి, నొక్కి ఆరబెట్టేవారు.

పపైరసు ఖరీదైన వస్తువు. కనుక బడిపిల్లలు విరిగిన కుండపెంకుల మీద, సున్నపురాతి పెచ్చుల మీద వ్రాసి నేర్చుకొన్నారు. అవే వారి పలకలు. మసితో నల్లసిరా, ఎర్రమట్టితో ఎర్రసిరా. శీర్షికలకు ఎరుపు వాడేవారు. వందల గుర్తులు కంఠస్థము చేయాలి, పాత పాఠములను మళ్లీ మళ్లీ చూచి వ్రాయాలి. బెత్తము సంగతి చెప్పనక్కరలేదు. పలకా బలపముతో మొదలుపెట్టిన మా తరము ఉపాధ్యాయులకు ఆ బడి ఏమంత కొత్తగా కనబడదు.

రాజుల సమాధులు తొలిచిన పనివారు నివసించిన ఒక గ్రామము నైలుకు పడమట ఉన్నది. ఇప్పుడు దానిని దేర్ ఎల్ మదీనా అంటారు. అక్కడ ఇటువంటి పెచ్చులు వేలకొలది దొరికినవి. రెండవ రామెసేసు ఏలుబడిలో 40వ సంవత్సరమునకు చెందిన ఒక హాజరు పట్టీ లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. ఎవరు ఏ రోజు పనికి రాలేదో, ఎందుకు రాలేదో అందులో వ్రాసి ఉన్నది. ఒకనికి తేలు కుట్టినది. ఒకనికి కన్ను నొప్పి. మరియొకడు ఇంట బీరు కాచుకొనుచున్నాడు. ఫరోల శిలాశాసనములకంటె ఈ పట్టీయే ఆ ప్రజలను మనకు దగ్గర చేయునని మా అభిప్రాయము.

అయితే ఆ చదువు కొద్దిమందిదే. దేశములో నూటికి ఒకరిద్దరు, మహా అయితే మరి నలుగురైదుగురు మాత్రమే వ్రాయనేర్చినవారు. పొలము దున్నువానికి, ఇటుకలు చేయువానికి ఆ గుర్తులు తెలియవు. వ్రాత గుళ్లలోను దొరల కచేరీలలోను ఉండిపోయినది. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ఆ దేశమును పట్టుకొనిన తరువాత కచేరీకి గ్రీకు వచ్చినది. క్రీ.పూ. 30లో క్లియోపాత్ర మరణముతో రోమా ప్రభుత్వము వచ్చినది. చిత్రలిపికి గుళ్లు మాత్రమే మిగిలినవి. క్రీ.శ. నాల్గవ శతాబ్దాంతమున క్రైస్తవ చక్రవర్తి థియొడోసియసు అన్యదేవతల ఆరాధనను నిషేధించగా, ఆ లిపి తెలిసిన పూజారులు కూడా కరువైనారు. ఇందులో మన విశ్వాసపు పూర్వికుల చేయి ఉన్నదన్న సంగతి దాచిపెట్టుట న్యాయము కాదు. మనకు తెలిసిన చివరి చిత్రలిపి శాసనము దక్షిణమున ఫిలే ద్వీపములో, క్రీ.శ. 394 ఆగస్టు 24న చెక్కబడినది. ఆ తరువాత పదునాలుగు వందల సంవత్సరములు ఆ గోడలు మూగబోయినవి.

లిపి పోయినది గాని భాష పోలేదు. ఐగుప్తు క్రైస్తవులు ఇంటిలో మాటలాడు భాషనే గ్రీకు అక్షరములతో వ్రాసుకొన్నారు. గ్రీకులో లేని శబ్దములకు తమ పాత వ్రాతనుండి ఆరేడు అక్షరములు తీసికొన్నారు. అదే కోప్టిక్ భాష. వందల గుర్తులు పోయి ముప్పదికి పైచిలుకు అక్షరములు మిగులగా, చదువు సామాన్యునికి అందినది. మూడవ శతాబ్దము నుండి లేఖనములు ఆ భాషలోనికి వచ్చినవి. సుమారు క్రీ.శ. 320లో పకోమియసు అను సన్యాసి తబెన్నీసిలో ఒక సహవాసము స్థాపించాడు. చదువురానివాడు అందులో చేరితే రోజుకు మూడుసార్లు గురువు వద్దకు వెళ్లి అక్షరములు నేర్చుకోవాలి, ఇష్టము లేకపోయినను నేర్చుకోవాలి అని ఆయన నియమము. రైతుబిడ్డలకు అటువంటి నియమము ఫరోల కాలములో ఎవరు పెట్టారు?

క్రీ.శ. 641 నాటికి అరబ్బులు దేశమును జయించారు. 706 ప్రాంతమున ప్రభుత్వ లెక్కలు అరబ్బీలోనికి మారినవి. ఉద్యోగము కావలసినవాడు అరబ్బీ నేర్చాడు. తరువాత సంతలో అరబ్బీ, ఆ తరువాత వంటింటిలో అరబ్బీ. ఇందులో బలవంతముకంటె బ్రతుకుతెరువు పాత్రే ఎక్కువని మాకు తోచుచున్నది. పదవ శతాబ్దములో సెవెరసు అను బిషప్పు తన సంఘపు సంగతులను అరబ్బీలోనే వ్రాయవలసి వచ్చినది. పదమూడవ శతాబ్దము నాటికి కోప్టిక్ క్రైస్తవులకే కోప్టిక్ నేర్పుటకు అరబ్బీలో వ్యాకరణములు వ్రాశారు. మరికొన్ని వందల సంవత్సరములకు అది ఇండ్లలో వినబడుట మానినది. ఆరాధనలో మాత్రము మానలేదు.

అదే చివరకు తాళపుచెవి అయినది. 1799లో రోసెట్టా వద్ద ఫ్రెంచి సైనికులకు ఒక నల్లరాయి దొరికినది. క్రీ.పూ. 196 నాటి ఒకే ఆజ్ఞ దానిమీద చిత్రలిపిలోను, వాడుక వ్రాతలోను, గ్రీకులోను ఉన్నది. ఇంగ్లండులో థామస్ యంగ్ కొంతవరకు దారి కనుగొన్నాడు. జాఁ ఫ్రాంస్వా షాంపొల్యోఁ అను ఫ్రెంచి పండితుడు చిన్ననాటనే కోప్టిక్ నేర్చుకొన్నాడు. ఒక రాజు పేరు చెక్కిన గీతలో మొదట సూర్యబింబమును, చివర ఒక గుర్తు రెండుసార్లును చూచాడు. కోప్టిక్‌లో సూర్యునికి రే అంటారు. రెండుసార్లున్న గుర్తు స శబ్దమని గ్రీకు రాజుల పేర్లనుండి తెలిసినది. మధ్యనున్న గుర్తు పుట్టుటను తెలుపు కోప్టిక్ మాట మీసెకు సరిపడినది. రామెసేసు! 1822 సెప్టెంబరు 27న ఆయన తన పరిశోధనను పారిసులో చదివి వినిపించాడు. మోషే పేరులో కూడా ఈ పుట్టుట అను ఐగుప్తు మాటయే ఉన్నదని పండితులలో చాలామంది తలంతురు. నిర్గమ 2:10 దానిని హెబ్రీ మాటతో, నీటినుండి తీయుటతో కలిపి చెప్పుచున్నది.

నేడు కోప్టిక్ సంఘముల ఆరాధన పుస్తకములలో ఒక ప్రక్క కోప్టిక్, ఒక ప్రక్క అరబ్బీ అర్థము ఉండును. అనేక పుస్తకములలో మూడవ వరుస కూడా ఉన్నది: కోప్టిక్ మాటలనే అరబ్బీ అక్షరములలో వ్రాసినది. పాడవలసినవారికి కోప్టిక్ అక్షరములు రావు గనుక. మనకు ఇది తెలియని పద్ధతి కాదు. తెలుగు కీర్తనలను కన్నడ, తమిళ, ఒడియా అక్షరములలోనో ఇంగ్లీషు అక్షరములలోనో వ్రాసికొని పాడుచున్న యౌవనస్థులు మన సంఘములలో ఉన్నారు. (యానాము వారికి ఈ చిక్కు లేదు, ఊరే తెలుగు.) వారిని మేము తప్పుపట్టము. పాడుట మానినవారికంటె వారే మేలు. అయితే ఆ కాగితము పట్టుకొని పాడిన బిడ్డ తెలుగు బైబిలు తానుగా తెరచి చదువలేడు.

కనుక సండేస్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పాఠము చెప్పు ఆదివారము నిర్గమ 2:1-10 పెద్దలు చదువవద్దు. వచనమునకు ఒకరు చొప్పున పదిమంది పిల్లలచేత తెలుగు బైబిలులోనుండి చదివించండి. ఎందరు చదువగలిగారో, ఎందరు ప్రక్కవారిని అడిగారో హాజరు పుస్తకములో అంకెలు వేసి, తారీఖు వ్రాసి ఉంచండి. ఆరు నెలల తరువాత అదే భాగమును మళ్లీ చదివించండి.