చప్పుడు చేయని రేడియేటర్

మీ చిన్న కంప్యూటర్ రాత్రిపూట గుయ్యిమంటూ తాతగారి నిద్ర చెడగొడుతున్నదా? ఆ చప్పుడు పంకాది. నీటితో చల్లబరిస్తే బాధ తప్పుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. నీరు వేడిని మోసుకుపోతుంది, అంతే. దాన్ని గాలికి అప్పగించవలసింది రేడియేటరే. దానికీ పంకా కావాలి. (పేరుకు రేడియేటర్ గాని, అక్కడ జరిగేది ఎక్కువగా వికిరణం కాదు, సంవహనం!)

ప్రాసెసర్ 70 వాట్ల వేడి విడుస్తున్నదనుకోండి. అంటే నిమిషానికి 4,200 జౌళ్ళు. లీటరు నీటిని 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి దాదాపు అంతే కావాలి. కనుక నిమిషానికి లీటరు నీరు తిరిగితే చాలు. నీటికోసం పెద్ద పంపు కొనకండి.

మరి రేడియేటర్? 120 మిల్లీమీటర్ల పంకా ఒకటి పట్టేదా, రెండు పట్టేదా? సగం వేగంతో తిరిగే రెండు పంకాలు, పూర్తి వేగంతో తిరిగే ఒక పంకా ఇచ్చేటంత గాలినే ఇస్తాయి. కాని పంకా ధ్వనిశక్తి సుమారుగా వేగం 5వ ఘాతాన్నిబట్టి మారుతుంది. వేగం సగమైతే ధ్వనిశక్తి 32వ వంతు! రెండూ కలిసినా 16వ వంతే, అంటే 12 డెసిబెల్స్ తగ్గినట్లు. పైగా వైశాల్యం రెట్టింపు.

రేకులు పేనుదువ్వెన పళ్ళలా ఒత్తుగా ఉంటే మెల్లని గాలి దూరదు. అంగుళానికి 20 రేకులున్నదానికంటే 10 ఉన్నది నయం.

ఒక్కటి మరవకండి: గది 40 డిగ్రీలుంటే నీరు అంతకంటే చల్లబడదు. కొనేముందు పెట్టెలో చోటు కొలవండి, పంకా మందం 25 మిల్లీమీటర్లు కూడా కలిపి.