పరాయిదేశపు హాస్టలులో మన పిల్లలు

పల్నాటి కుటుంబాలకు హాస్టలు కొత్త మాట కాదు. క్రోసూరు చుట్టుపక్కల మిరప, పత్తి పండించే ఇళ్ల పిల్లలు ఎందరో గురుకులాల్లో, బోర్డింగుల్లో చదువుకున్నవారే. అక్కడ గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. విదేశాల్లో విశ్వవిద్యాలయపు హాస్టలు అలా ఉండదు. గంట కొట్టేవారుండరు. పక్క గదిలో ఆ దేశపు విద్యార్థి ఉంటాడు. అందుకే “మన తెలుగు పిల్లలతోనే గది తీసుకో నాయనా” అని చెప్పి పంపుతాం. ఆ మాటలో ప్రేమ ఉంది. కాని నష్టమూ ఉంది.

దానియేలు చూపిన దారి

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం చదవండి. చెరపట్టబడిన యూదా యువకులు బబులోనియా రాజు కొలువులో మూడేండ్లు కల్దీయుల భాష, విద్య నేర్వవలసి వచ్చింది. దానియేలు, అతని ముగ్గురు మిత్రులు ఆ చదువును కాదనలేదు. అందులో అందరినీ మించారు. రాజు పంపిన భోజనం, ద్రాక్షసారాయం విషయంలో మాత్రం తమ నియమం విడువలేదు. అందుకు గొడవపడలేదు. పది రోజులు కూరగాయలు, నీళ్లు ఇచ్చి చూడమని మర్యాదగా అడిగారు. నేర్వవలసింది నేర్చుకోవాలి, నిలుపుకోవలసింది నిలుపుకోవాలి, అడగవలసింది మర్యాదగా అడగాలి. మన పిల్లలకూ ఇదే పాఠం.

కలిసి ఉండటమే ఒక చదువు

1854లో డబ్లిన్‌లో కతోలిక విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించిన పునీత జాన్ హెన్రీ న్యూమన్, కలిసి నివసించే యువకులు బోధించేవారు లేకున్నా ఒకరినుండి ఒకరు నేర్చుకుంటారని నమ్మారు. ఆ పునాదిపై ఎదిగిన డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోనే, తరువాత రాష్ట్రపతి అయిన మన వి.వి.గిరి 1913 నుండి 1916 వరకు చదివారు. ఐరిష్‌వారి స్వాతంత్ర్య పోరాటం ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది. తెలుగువారి మధ్యనే తలుపు మూసుకుంటే అలాంటి చదువు దొరకదు. ఆపదలో ఆదుకునే తెలుగు స్నేహితులు తప్పక ఉండాలి. వారు మాత్రమే ఉంటే చాలదు.

వెళ్లేముందు నేర్పవలసినవి

1. వంటగది: జర్మనీ హాస్టళ్లలో చాలాచోట్ల ఎవరి గది వారిది, వంటగది అందరిది. తిన్న గిన్నె వెంటనే కడగాలి. చెత్తను రకాలవారీగా వేరుచేయాలి. ఎండుమిరప పోపు పొగకు అలారం మోగవచ్చు, కిటికీ తెరవాలి. పులిహోర చేసిన రోజు పక్కవారికీ ఒక ప్లేటు పెడితే స్నేహం మొదలవుతుంది.

2. నిశ్శబ్దం: అక్కడ సాధారణంగా రాత్రి 10 నుండి ఉదయం 6 దాకా చప్పుడు చేయరాదు. మనం తెల్లవారుజామున 5 గంటలకు ఫోను చేస్తే, చలికాలంలో జర్మనీలో అర్ధరాత్రి 12.30. తల్లిదండ్రులూ గుర్తుంచుకోవాలి.

3. మొహమాటం: అమెరికాలో తరచు ఇద్దరికి ఒకే గది. నిద్రవేళలు, అతిథులు, శుభ్రత గురించి మొదట్లోనే ఒప్పందం రాసుకొమ్మని అనేక విశ్వవిద్యాలయాలు చెబుతాయి. ఇబ్బందిని మనసులో దాచుకొని ఒకనాడు పేలడం కంటె, ఆనాడే నెమ్మదిగా చెప్పడం మేలు.

4. మద్యం: “నాకు వద్దు” అన్న ఒక్క మాట చాలు. తాగేవారిని తీర్పు తీర్చనక్కరలేదు, వారి స్నేహం కోసం తాగనూ అక్కరలేదు.

5. ఆదివారం: 1893లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కతోలిక విద్యార్థులు న్యూమన్ పేరిట సంఘం పెట్టుకున్నారు. నేడు అక్కడ అనేక విశ్వవిద్యాలయాల దగ్గర న్యూమన్ కేంద్రాలున్నాయి. చేరిన మొదటి వారమే దివ్యపూజ ఎక్కడో, ఎన్ని గంటలకో తెలుసుకోవాలి.

కుటుంబంలో చర్చించండి

మన ఇంట్లో కొడుకుకూ వంట, గిన్నెలు కడగడం నేర్పుతున్నామా? అభిప్రాయం ధైర్యంగా, మర్యాదగా చెప్పే అలవాటు పిల్లలకు ఉందా? వేరే ఊరు, వేరే కులం, వేరే మతం వారితో ఇక్కడే కలిసి భోంచేయని బిడ్డ, అక్కడ కొత్తవారితో ఎలా కలుస్తాడు?